పొయ్యెనక గోడ

నారాయణపేట పాత బజారు సందుల
చెన్నబసమ్మ రొట్టెల కొట్టు.
నడుమెత్తు మట్టి గద్దె, పొయ్యికి రెండు నోళ్లు,
రెంటి మసిని మోసేది ఒక్కటే గోడ.
దానికి కొత్త మొఖం కావాల్నని
పొద్దుగాలనే కబురు.

నేను పోయేసరికి
మేనల్లుడు వీరేశం నాలుగు షీట్లు దింపిండు,
పైన పాలరాయి బొమ్మ, లోపలంత ప్లాస్టిక్.
"గమ్ము పెట్టి అతికిస్తె అరగంట పని, ఉసేనప్పా."

నేనేం మాట్లాడలే.
మూలకు ఇంత ముక్క ఇరిచి
పొయ్యి నోటికాడ పట్టిన.
ముందుగాల వంగింది.
చెమట లెక్క కారింది.
అటెన్క అంటుకున్నది.
చెన్నబసమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టి
"ఈ వాసన రొట్టెకు పట్టిందంటె
నా గిరాకంత ఎదురు కొట్టుకు పోతది" అన్నది.
నేను పానాల గురించి అనుకుంటున్న,
ఆమె గిరాకి గురించి.
షీట్లయితె ఎనక్కి పోయినయి.

రెండు దినాలు పొయ్యి చల్లారనియ్యుమన్న.
గ్యాసు బండను బయటి అరుగు మీదికి జరిపిచ్చిన.
మూతికి తడిగుడ్డ కట్టుకొని
మూడోనాడు తాపీ అందుకున్న.
మసి కింద సున్నం,
సున్నం కింద మల్ల మసి,
దాని కింద ఎవరి పెండ్లికో పూసిన జాజు.

"ఆగప్పా."
ఎడమ దిక్కు గోడ మీద బొగ్గు గీతలు,
ఐదైదు ఒక్కో కట్ట.
ఆమె ఖాతా బుక్కు అదే.
సెల్లు లైటు పట్టుకొని సదివింది:
"మగ్గాల నర్సప్ప, పదకొండు. ఇచ్చిండు, నేనే చెరపలే.
హమాలి మైబు, ఇరవై. బొంబాయి పోయిండు, పోనీ.
ఇది ఎవరిదో.
ఇది తిమ్మవ్వది, ముప్ఫై రెండు..."
తిమ్మవ్వ గీతల మీద వేలు ఆడిచ్చింది.
వేలికి మసంటింది, చీరకు తుడుచుకున్నది.
"గీకు" అన్నది.

ఆ గీతల కిందనే గోడ తీరు మారింది.
గట్టి గోడ తాపీ తగిలితె దబ్బుమంటది,
ఇది ఓటి కుండ లెక్క పలికింది.
వేలు పెట్టిన. వేలు పోయింది.
మణికట్టు దాక పోయింది.
తీస్తె గుప్పెడు బొగ్గు.

గుంజ. పైకప్పు మోసే గుంజ.
ఇల్లు కట్టినోడెవడో
పొయ్యెనక మట్టిల కప్పెట్టిండు.
మంట ఎన్నడు తాకలే దాన్ని.
వేడే, రోజింత, రోజింత,
పొగ లేదు, చప్పుడు లేదు,
నిలబడ్డ కట్టెను నిలబడ్డట్టే బొగ్గు జేసింది.
"నలభై ఏండ్లు దీని మొఖం జూసుకుంట రొట్టెలు కొట్టిన"
అన్నది చెన్నబసమ్మ,
అని, కూసున్న పీట ఇంత ఎనక్కి జరుపుకున్నది.

దూలం కింద రెండు జాకీలు పెట్టి
గుంజను కోసి తీసిన, రాతి కంబం నిలబెట్టిన.
మంట తగిలే కాడ ఇటుక, బంకమట్టి.
షాబాదు బండకు నేరుగ మంట తగిలితె
పటాకు లెక్క పేలుతది, అందుకే దాన్ని పైన.
బండకు గోడకు నడుమ రెండేళ్ల సందు,
కింద ఒక బొక్క, పైన ఒక బొక్క,
గాలి వచ్చిపోనీకె.

"ఆ సందుల సిమెంటు పోస్తె గట్టిగుంటది గద?"
వీరేశం.
"గట్టిగుండుడు కాదు బిడ్డ, ఎడం ఉండాలె."
"ఎడమంటె ఉత్తదే గద. దానికి గూడ కూలా?"
"దానికే ఎక్కువ."

పదిహేను దినాలు ఆరనిచ్చినం.
మొదటి దినం కందికట్టె నాలుగు పుల్లలు.
మర్నాడు ఎనిమిది.
తడి మీద పెద్ద మంట పెడితె
ఆవిరి దారి దొరకక పెచ్చులు లేపుతది.
నాలుగోనాడు పెంక ఎక్కింది,
జొన్నపిండి మీద అరచెయ్యి దబదబ.
నేను చుట్టు తిరిగి అవతలి దిక్కుకు పోయి
గోడ మీద చెయ్యి పెట్టిన.
చాన సేపు పెట్టిన.
చల్లగున్నది.

తిరిగొస్తె పళ్లెంల రెండు రొట్టెలు, పుంటికూర.
తింటుంటె జూసిన,
ఆమె పొయ్యిలకెల్లి ఒక బొగ్గు ముక్క ఏరి, ఊది,
కడిగిన కొత్త బండ మీద
రెండు గీతలు గీసింది.
"నీ ఖాతా" అన్నది.

నా కూలి ఇంక సగం ఆమె మీదనే ఉన్నది.